ఇన్‌చార్జి షడ్జమం

గెడ్డవలస ఉన్నత పాఠశాలలో సంగీతం చెప్పే గౌరీశ్వరి టీచరు తన బడికి ఒక హార్మోనియం కావాలని అర్జీ పెట్టుకుంది. ఆమె చేసిన తప్పల్లా అంతే. ఆ అర్జీ పెట్టకపోయి ఉంటే ఆ డివిజనులో సంగీతం ఎప్పటిలాగే వాద్యాలు లేకుండా, ఎవరి కంటా పడకుండా, హాయిగా బతికేది.

అర్జీ పైకి వెళ్లింది. పైనున్నవాళ్లకు ఆ రోజు మనసు బాగున్నట్లుంది. డివిజనులో సంగీతం చెప్పే బడులు ఏడుంటే ఏడింటికీ తలో హార్మోనియం కొనమని నిధులు మంజూరు చేశారు. గౌరీశ్వరి పిల్లలకు పటికబెల్లం పంచింది. అయితే మంజూరు కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. కొనుగోలులో ఎవరు ఎక్కువ మిగిల్చి చూపిస్తారో వారికి ఉత్తమ పొదుపు అధికారిగా ప్రశంసాపత్రం ఇస్తారట. ఆ వాక్యం కాస్తా కొనుగోళ్ల ప్రత్యేకాధికారి కూర్మనాథం గారి కంటపడింది.

కూర్మనాథం గారిని తక్కువ అంచనా వేయకూడదు. బడులకు బెంచీలు కొనాల్సి వచ్చినప్పుడు, గోడకు ఆనించి వేసుకుంటే రెండు కాళ్లు చాలవా అని రెండు కాళ్ల బెంచీలు కొన్న మనిషి. గంటలు కొన్నప్పుడు, కొట్టడానికి కర్ర ఎలాగూ దొరుకుతుంది కదా అని లోపలి నాలుక తీయించేసి కొన్నారు. ఆయన లంచం ముట్టరు. తినే అధికారితో వేగడం సులువని, వాళ్ల కడుపు ఎక్కడో ఒకచోట నిండుతుందని, ఈయన విషయంలో ఆ ఆశ కూడా లేదని హెడ్మాస్టర్లు తమలో తాము చెప్పుకుని బాధపడేవారు.

గౌరీశ్వరికి హార్మోనియం అవసరం నూకరత్నం వల్ల వచ్చింది. నూకరత్నం తొమ్మిదో తరగతి. తల్లి అప్పలకొండమ్మ జీడిపిక్కల కార్ఖానాలో పని చేస్తుంది. ఆ పిల్ల మొదటిసారి నోరు తెరిచి పాడిన రోజు గౌరీశ్వరి హాజరు పిలవడమే మరిచిపోయింది. అంత గొంతు. శ్రుతి మాత్రం నిలవదు. పక్కన ఆధారంగా ఏదైనా వాద్యం మోగుతుంటే తప్ప ఆ గొంతు ఒక చోట కుదురుగా కూర్చోదు. పట్నంలో తిండీ వసతీ ఇచ్చి ఉచితంగా నేర్పే సంగీత పాఠశాల ఒకటుంది. వేసవికి ముందు పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటారు. అందులో సీటు వస్తే పాట, రాకపోతే పిక్కలు.

అప్పలకొండమ్మ ఈ సంగతి దాచుకోలేదు. "ఒక్క పరీచ్చ వరకూ చూత్తానమ్మా. అప్పటికీ తేలకపోతే ఈ ఎండాకాలం నుంచి నాతోటి కార్ఖానాకి తీసుకెల్లిపోతాను. సొన అంటుకుంటే చేతులు కాలిపోతాయని నాకు తెల్దేటి? ఏటి సేత్తాం మరి!" అంది తన నల్లబడిన వేళ్లు చీరకొంగులో దాచుకుంటూ.

అందుకే కొనుగోలు సంఘం సమావేశానికి నిపుణురాలి హోదాలో రమ్మని పిలుపు వచ్చినప్పుడు గౌరీశ్వరి సంబరంగా వెళ్లింది. బల్ల మీద నమూనా హార్మోనియం పెట్టారు. కూర్మనాథం గారు కళ్లజోడు సవరించుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఇన్ని మెట్లెందుకమ్మా దీనికి?"

"మూడు స్థాయిలండి. కింది స్థాయిలో ఉన్న స్వరాలే మధ్యలోనూ, పైనా..."

"అంటే ఒకే సరుకును మూడుసార్లు కొంటున్నామన్నమాట." ఆయన పక్కనున్న సూపరింటెండెంటు వైపు తిరిగారు. "నమోదు చేయండి. పునరుక్తి దోషం. మరి ఈ నల్లవి?"

"కొన్ని స్వరాలకు రెండేసి రకాలు ఉంటాయి సార్. రిషభం రెండు, నిషాదం రెండు..."

"రెండింట్లో తక్కువ ధరది ఉంచండి. రెండోది తొలగించండి."

ఏడు మెట్లు మిగిలాయి. పోనీలే, ఏడైతే చాలు, పిల్లలకు సర్దుకోవచ్చు అని గౌరీశ్వరి కుర్చీలో వెనక్కి వాలింది. అదే తొందరపాటు.

"ఈ ఏడూ ఒకేసారి నొక్కుతారా?"

"లేదు సార్. ఒకదాని తరువాత ఒకటి."

"మరి ఒకటి పని చేస్తుంటే తక్కిన ఆరూ ఏం చేస్తుంటాయి?"

"ఊరికే ఉంటాయండి."

"ప్రభుత్వ ఖర్చుతో, పని వేళల్లో, ఆరు ఊరికే కూర్చుంటాయా?" అన్నారు కూర్మనాథం గారు బాధగా. ఆ మాటకు ఆఫీసులో చాలామంది తలలు దించుకున్నారు.

ఇక తీర్మానం దానంతటదే తయారైంది. బడులు ఏడు, స్వరాలు ఏడు. ఒకే ఒక్క హార్మోనియం కొని, వడ్రంగి చేత విడదీయించి, ఒక్కో మెట్టుకు ఒక చిన్న గాలితిత్తి కుట్టించి ఏడు పెట్టెలు చేయిస్తారు. బడికో పెట్టె. ఒక్కో బడి తనకు కేటాయించిన స్వరంలో పరిపూర్ణ నైపుణ్యం సాధిస్తుంది. ఏడాది చివర ఏడు బడులూ ఒకచోట చేరితే అదే పాట.

గౌరీశ్వరి ఉండబట్టలేకపోయింది. "సార్, తమరి మనవరాలు ఇంట్లో హార్మోనియం నేర్చుకుంటోందని విన్నాను. ఆ అమ్మాయికీ ఒక్క మెట్టేనా?"

"అది నా సొంత డబ్బమ్మా" అన్నారాయన చాలా శాంతంగా. "నా సొంత డబ్బు వృథా చేసుకునే హక్కు నాకుంది."

కేటాయింపు హోదా ప్రకారం జరిగింది. డివిజను కేంద్రంలో ఉన్న బడికి స, అంటే షడ్జమం. అక్కడి నుంచి రోడ్డు వెంట దూరం పెరిగే కొద్దీ రి, గ, మ. రోడ్డు ఎక్కడ అయిపోయి వాగు, అదే గెడ్డ, మొదలవుతుందో అక్కడున్న గెడ్డవలసకు ని దక్కింది.

పెట్టె వచ్చిన రోజు హెడ్మాస్టరు గారు కొబ్బరికాయ కొట్టారు. పిల్లలు వరసలో నిలబడి ఒక్కొక్కరే ని నొక్కి పక్కకు తప్పుకున్నారు. మర్నాడూ అదే పాఠం. ఆ మర్నాడూ అదే. వారం తిరిగేసరికి అప్పలకొండమ్మ బడికొచ్చింది.

"ఏటమ్మా టీచరమ్మా, మా గుంట ఇంటికాడ 'నీ' అని తీత్తన్నాది. అంతే, ఆపేత్తన్నాది. వింటంటే తుమ్ము రాబోయి ఆగిపోనట్టుంటన్నాది నాకు. తరవాతదేటో ఎప్పుడు చెప్తారు?"

"తరవాతది వేరే ఊళ్లో ఉందమ్మా" అంది గౌరీశ్వరి. ఆ మాట అంటుంటే ఆమెకు సిగ్గేసింది.

సిగ్గుతోపాటు కోపమూ వచ్చింది. పెట్టె పక్కన పడేసి నోటితోనే ఏడు స్వరాలూ చెప్పడం మొదలుపెట్టింది. పది రోజులు తిరగకుండానే తాఖీదు వచ్చింది. "మీ పాఠశాల ఆవరణలో పంచమము వినబడినట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినది. సదరు స్వరము వేరొక పాఠశాలకు మంజూరై యున్నది. కేటాయింపు లేని స్వరమును వినియోగించుట పరిధి అతిక్రమణ క్రిందికి వచ్చును. నోటితో పలుకుట సాధ్యమని మీరు రుజువు చేసిన పక్షమున, మీ పాఠశాలకు ఇచ్చిన పెట్టెను అనవసర వ్యయముగా పరిగణించి వాపసు తీసుకొనబడును."

అంటే నోరు తెరిస్తే పెట్టె పోతుంది, మూసుకుంటే పాట పోతుంది. హెడ్మాస్టరు గారు మెత్తని మనిషి. "మన ని మనం వాయించుకుందామమ్మా. పక్క బడుల స్వరాల జోలికి మనకెందుకు?" అని బతిమాలారు.

ఇంతలో పథకం అంతటా పేరు తెచ్చుకుంది. అర్ధసంవత్సర పరీక్షలో ఒకటే ప్రశ్న: మీ బడి స్వరమును ఒకమారు వాయించుము. ఏడు బడుల్లో ప్రతి పిల్లవాడికీ నూటికి నూరు వచ్చాయి. మ బడి నుంచి రి బడికి మారిన కుర్రాడొకడు కొత్త బడిలో కిందటి తరగతిలో కూర్చోవలసి వచ్చింది, రిషభంలో వాడికి పునాది లేదని. పక్క డివిజను అధికారులు బృందంగా వచ్చి చూసి, మెచ్చుకుని, కాఫీలు తాగి వెళ్లారు. వెళ్లినవాళ్లు మృదంగానికి రెండు వైపులు ఎందుకని ఆలోచనలో పడ్డారని వినికిడి.

గౌరీశ్వరికి దారి చూపించింది నూకరత్నమే. ఒక మధ్యాహ్నం వానకు తరగతిలో ఇంకెవరూ లేరు. నూకరత్నం ఎడమచేత్తో తిత్తి నొక్కుతూ, ని మోగిస్తూ, దాని మీద తనలో తను ఏదో కూనిరాగం తీస్తోంది. గుమ్మంలో ఆగిపోయింది గౌరీశ్వరి. ఆ పిల్ల గొంతు ఎన్నడూ లేనిది కుదురుగా నిలబడి ఉంది. పెట్టెలోని మోతనే షడ్జమంగా పట్టుకుని పైకీ కిందికీ ఏడు స్వరాలూ చక్కగా తిరిగి వస్తోంది. గౌరీశ్వరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. దేన్ని ఆధారం చేసుకుని పాడితే అదే షడ్జమం. చిన్నప్పుడు మొదటి పాఠంలో నేర్చుకున్న సంగతి, తాఖీదులు చదివీ చదివీ తనే మరిచిపోయింది. ఆఫీసు వాళ్లు తెలియక ఇచ్చింది శ్రుతిపెట్టె!

ఆ రోజు నుంచి గెడ్డవలస బడిలో సంగీతం పీరియడు మొదలయ్యేసరికి తలుపులు మూసుకునేవి. బయటివాళ్లకు ని ఒక్కటే మోగుతున్నట్లు వినబడేలా పిల్లలంతా తిత్తి దగ్గర గట్టిగా కష్టపడేవాళ్లు. లోపల నూకరత్నం పాడేది. హెడ్మాస్టరు గారికి తెలుసు. తెలియనట్లు ఉండటం ఆయనకు బాగా అలవాటే.

ఫాల్గుణం వచ్చింది. సప్తస్వర సమ్మేళనానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. రాజధాని నుంచి కమిషనరు గారు వస్తున్నారు. సంగీత పాఠశాల ప్రిన్సిపాలు హైమవతమ్మ గారూ వస్తున్నారు. విడిగా ప్రవేశ పరీక్ష పెడితే ఖర్చని, వేదిక మీద వాయించిన పిల్లల్లోంచే ఆవిడ ఎంపిక చేసుకుంటారని కూర్మనాథం గారు ఏర్పాటు చేశారు. నూకరత్నం వేదిక ఎక్కితే చాలు, తిత్తి నొక్కుతూ నోరు తెరిస్తే చాలు అని గౌరీశ్వరి గుండె ధైర్యం చేసుకుంది.

ఒకరోజు ఆఫీసు నుంచి ఫోను. స్వయంగా కూర్మనాథం గారే.

"అమ్మా, తమరు నిపుణులు కనుక అడుగుతున్నాను. తక్కువ స్వరాలతో పని జరిగిపోయే రాగం ఏదైనా ఉందా?"

సంగీతం గురించి ఇంత మర్యాదగా ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. గౌరీశ్వరి మురిసిపోయి, "ఎందుకు లేదండీ, మోహన ఉంది. అయిదే స్వరాలు. మ, ని ఉండవు. అయినా ఎంత నిండుగా ఉంటుందంటే..." అంది.

"చాలా సంతోషం. రెండు బడుల బస్సు ఖర్చు, భోజనం ఖర్చు మిగిల్చారు."

"సార్, మా బడి పిల్ల పరీక్ష సార్! దాని భవిష్యత్తు..."

"పాటలో లేని స్వరానికి వేదిక మీద ఏం పని తల్లీ? నిషాదం ఉండదని తమరే అభిప్రాయం ఇచ్చారు. నిపుణుల అభిప్రాయానికి నేను ఎదురు వెళ్లలేను." ఫోను పెట్టేశారు.

తన నోటితో తనే ఆ పిల్ల కడుపు కొట్టానని గౌరీశ్వరి రోజంతా కుమిలింది. మర్నాటికి కుమలడం మాని, పెట్టెను దుప్పట్లో చుట్టింది.

సమ్మేళనం రోజు గౌరీశ్వరి, నూకరత్నం, ఒక పూట కూలి వదులుకున్న అప్పలకొండమ్మ సొంత ఖర్చుతో బస్సెక్కి వెళ్లారు. గుమ్మం దగ్గర సూపరింటెండెంటు అడ్డు పడ్డాడు. "మీ స్వరం ఈరోజు డ్యూటీలో లేదు మేడమ్. భోజనం టోకెన్లు కూడా లేవు."

"భోజనం వద్దండీ. వింటానికొచ్చాం" అంది అప్పలకొండమ్మ. వినడానికి టోకెను పెట్టడం ఎవరికీ తోచలేదు కాబట్టి లోపలికి వదిలాడు.

వేదిక మీద అయిదు పెట్టెలు, అయిదుగురు పిల్లలు. కమిషనరు గారు దండ తీసి బల్ల మీద పెట్టారు. కూర్మనాథం గారు చెయ్యెత్తి సైగ చేశారు. స బడి పిల్లవాడు తిత్తి నొక్కాడు. పెట్టె ఉస్సుమంది.

స హోదాలో పెద్దది. అందుచేత ఏడాది పొడవునా డివిజనులో ఏ సభ జరిగినా, మత్స్యశాఖ వాళ్లదైనా, ఎరువుల గిడ్డంగి ప్రారంభమైనా, జ్యోతి వెలిగించే ముందు ఆ పెట్టెను తెప్పించి మోగించడం ఆనవాయితీ అయిపోయింది. మోగీ మోగీ అసలు రోజుకు తిత్తి చిరిగింది. అదనపు తిత్తి కొనడం పొదుపుకు విరుద్ధం.

"రి నుంచి మొదలుపెట్టండి" అని పళ్ల బిగువున అన్నారు కూర్మనాథం గారు. రి మోగింది. గ మోగింది. మళ్లీ స దగ్గరికి వచ్చేసరికి ఉస్సు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు, తరువాత అందరూ నవ్వారు. కమిషనరు గారు గడియారం చూసుకున్నారు. కూర్మనాథం గారి మెడ చుట్టూ చెమట కాలువలు కట్టింది. ప్రశంసాపత్రం కళ్ల ముందే ఎగిరిపోతోంది.

గౌరీశ్వరి లేచి వేదిక మెట్ల దగ్గరికి వెళ్లింది.

"సార్, మా దగ్గర స ఉంది."

"మీది ని కదమ్మా!"

"నిజమే సార్. కానీ పై అధికారి అనారోగ్యంతో రాలేకపోతే, ఆయన కింద ఉన్నవాళ్లకు ఇన్‌చార్జి ఇవ్వడం మన ఆఫీసుల్లో ఉన్న పద్ధతే. పై సకు సరిగ్గా కింద ఉండేది ని."

కూర్మనాథం గారి ముఖం విప్పారింది. సంగీతం ఆయనకు అర్థమయ్యే భాషలో ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి. "పూర్తి అదనపు బాధ్యతలు! దీనివల్ల ఖర్చేమైనా..."

"దమ్మిడీ ఉండదండీ."

"అయితే ఈ పాట పూర్తయ్యే వరకు ఉత్తర్వులిస్తున్నాను. కానివ్వండి, కానివ్వండి!"

నూకరత్నం వేదిక ఎక్కింది. దుప్పటి విప్పి, పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని, తిత్తి నొక్కింది. మోత నిలబడింది. పక్కనున్న నాలుగు పెట్టెల పిల్లలు తమ వంతు ఎప్పుడొస్తుందా అని చేతులు సిద్ధంగా పెట్టుకున్నారు. ఆ వంతు రానేలేదు. నూకరత్నం మోహన గీతం మొదలుపెట్టింది, అయిదు బడుల స్వరాలూ తన ఒక్క గొంతుతోనే పాడేసింది. అది అయిపోయాక కూడా ఆపలేదు. ఇన్నాళ్లూ తలుపుల వెనక దాచుకున్నదంతా బయటికి వచ్చేసింది. మ వచ్చింది, ని వచ్చింది, ఏడూ వచ్చాయి. హాలు నవ్వడం మానేసింది. హైమవతమ్మ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. వెనక వరసలో అప్పలకొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, "మా గుంటేనా, మా గుంటేనా" అంటూ పక్కవాళ్లను అడుగుతోంది. గౌరీశ్వరి మెట్ల దగ్గర నిలబడే ఏడ్చింది, దాచుకోలేదు.

చప్పట్లు సద్దుమణగక ముందే కూర్మనాథం గారు మైకు అందుకున్నారు. "చూశారు కదా. ఒకే ఒక్క మెట్టుతో ఏడు స్వరాలను సాధించిన ఘనత మన డివిజనుకు దక్కింది. దీనిని బట్టి తక్కిన ఆరు పెట్టెలు అధిక వ్యయమని సవినయంగా మనవి చేస్తున్నాను." కమిషనరు గారు అక్కడికక్కడే ప్రశంసాపత్రం ప్రకటించారు. కొత్త విద్యాసంవత్సరం నుంచి ఏడు బడులకూ కలిపి ఒకే పెట్టె, బడికి వారంలో ఒక రోజు అని ఉత్తర్వు వచ్చింది. మళ్లీ హోదా ప్రకారమే కేటాయింపు. స బడికి సోమవారం. గెడ్డవలసకు ఆదివారం.

నూకరత్నానికి సీటు వచ్చింది. సీటు కాగితం వెనకాలే గౌరీశ్వరికి ఇంకో తాఖీదు కూడా వచ్చింది. "మీ పాఠశాలకు షడ్జముగా అదనపు బాధ్యతలు ఒక పాట వరకే అప్పగించబడినవి. సదరు విద్యార్థిని పాట ముగిసిన పిదప కూడా షడ్జముగా కొనసాగి, మంజూరు లేని మధ్యమమును సైతము పలికినది. అసలు నిషాదము షడ్జము ఎట్లు కాగలదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

హెడ్మాస్టరు గారు రెండు చేతులూ జోడించి, "క్షమాపణ రాసేయమ్మా, పోతుంది" అన్నారు. గౌరీశ్వరి తలూపి, కాగితం తీసుకుని, చక్కని దస్తూరీతో రాసింది. "అయ్యా, షడ్జమం అనేది స్వరం పేరు కాదు, కూర్చున్న చోటు పేరు. ఆ చోట ఎవరు కూర్చుంటే వారే షడ్జమం, తక్కినవారంతా వారిని బట్టి నడుచుకుంటారు. ఇంకా వివరం కావాలంటే, తమరు కూర్చున్న కుర్చీని ఒకసారి చూసుకోవలసిందిగా ప్రార్థన."

దానికి జవాబు రాలేదు. కూర్మనాథం గారు చాలాసేపు కుర్చీ చూసుకున్నారని, దానికి నాలుగు కాళ్లు ఎందుకున్నాయని అడిగారని ఆఫీసులో చెప్పుకున్నారు.

సంగీత పాఠశాల తెరిచిన రోజు నూకరత్నాన్ని దిగబెట్టడానికి తల్లీ టీచరూ ఇద్దరూ వెళ్లారు. పిల్లల్ని నేల మీద వరసగా కూర్చోబెట్టి, తలొక హార్మోనియం ముందు పెట్టారు. దానికి అన్ని మెట్లూ ఉన్నాయి. నూకరత్నం దాన్ని ముట్టుకోకుండా కాసేపు చూస్తూ కూర్చుంది. అప్పలకొండమ్మ గౌరీశ్వరి చెవిలో, "ఇయ్యన్నీ మా గుంట ఒక్కదానికేనా అమ్మా? తరవాతెవులూ అడగరు గదా?" అంది.

హైమవతమ్మ గారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. "ఏదీ, ఇందులో స ఎక్కడుందో చూపించు."

నూకరత్నం తిత్తి నొక్కి, చెవి కాస్త వంచి, ఒక్కొక్క మెట్టూ తడుముకుంటూ వెళ్లి, తనకు తెలిసిన మోత వినబడగానే అక్కడ వేలు ఆపింది. గదిలో మిగతా పిల్లలు గొల్లుమన్నారు. అది ని.

"ఇదా స?" అన్నారు హైమవతమ్మ గారు నవ్వాపుకుంటూ.

"మా బళ్లో ఇదేనండి" అంది నూకరత్నం, వేలు తియ్యకుండా. "ఆఫీసులోనే ని అంటారు."